మన వారంలో ప్రార్థనలున్నాయి, మౌనమే లేదు

మన క్రైస్తవ సంఘాల్లో ప్రార్థనలకు కొదవ లేదు. ఆదివారం ఆరాధన, దానికి ముందు సండే స్కూల్, అయ్యాక యూత్ మీటింగ్, మంగళవారం స్త్రీల కూడిక, బుధవారం ఎవరో ఒకరి ఇంట్లో కుటుంబ ప్రార్థన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయర్ ప్రాక్టీస్, నెలకోసారి ఆల్‌నైట్ ప్రేయర్, ఎండాకాలం వస్తే వీబీఎస్ అనే పిల్లల సెలవుల బైబిల్ బడి, చలికాలం వస్తే సువార్త సభలు. ఇవి కాక పొద్దున ఐదు గంటలకే వాట్సాప్ గ్రూపుల్లో వాక్యాలు మొదలవుతాయి, రాత్రి పదింటికి ఎవరో ఒకరి యూట్యూబ్ లైవ్ నడుస్తూ ఉంటుంది. నల్లగొండలో నాకు తెలిసిన విశ్వాసుల ఇళ్ళు చాలావరకు ఇలాగే ఉంటాయి, మా ఇల్లు కూడా అంతే. ఇంత ప్రార్థన మధ్యలో ఉండి కూడా స్త్రీల కూడికలో ఎవరో ఒకరు "అక్కా, దేవుని దగ్గర కూసోనికి టైమే దొరుకుతలేదు" అంటారు, అన్నప్పుడల్లా మిగతా అందరూ తలలూపుతారు. ఆ మాట అనేవాళ్ళు కూడికలకు ఎగ్గొట్టేవాళ్ళేమీ కాదు. అన్నిటికీ వచ్చి, చాపలు పరిచి, చాయ్ పోసి, చివర్లో గిన్నెలు కడిగి వెళ్ళేవాళ్ళు. అలాంటివాళ్ళకు "విశ్వాసం తగ్గింది, ఇంకా పొద్దున్నే లేవండి" అని చెప్పి పంపడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

నాకు అర్థమైంది ఏమిటంటే, మన ప్రార్థనలన్నీ మాటలతో నిండిపోయి ఉన్నాయి, మన నోరు ఆగి దేవుని ముందు ఊరికే ఉండే సమయం వాటిల్లో ఎక్కడా లేదు. ఆ సమయం ఒక్క మనిషి పట్టుదలతో దొరికేది కూడా కాదు. ఇంట్లోవాళ్ళు కొంత పని పంచుకుంటే, సంఘం కొంత జాగా ఇస్తేనే అది దొరుకుతుంది.

మార్కు సువార్త మొదటి అధ్యాయం తీసి ఇరవై ఒకటో వచనం నుంచి ముప్పై తొమ్మిది వరకు ఆపకుండా ఒకసారి చదవండి. విశ్రాంతి దినం. కపెర్నహూము సమాజమందిరంలో ప్రభువు బోధిస్తాడు, అక్కడే ఒకడు కేకలు వేస్తుంటే వాణ్ణి బాగుచేస్తాడు, అక్కణ్ణుంచి సీమోను ఇంటికి వెళ్తే అతని అత్త జ్వరంతో పడుకుని ఉంటుంది, ఆమెను చెయ్యి పట్టి లేపుతాడు, పొద్దు గూకాక రోగులందర్నీ మోసుకుని ఊరు ఊరంతా వచ్చి గుమ్మం ముందు నిలబడుతుంది. ఎంత రాత్రయిందో రాయలేదు. మరునాడు ఇంకా చాలా చీకటి ఉండగానే ఆయన లేచి, ఎవరూ లేని చోటికి వెళ్ళి ప్రార్థన చేస్తూ ఉంటాడు. మన ప్రసంగాల్లో కథ ఇక్కడిదాకే వస్తుంది, చివర్లో "కాబట్టి పెందలాడే లేవండి" అని ముగుస్తుంది. కానీ అసలు ముచ్చట ఆ తర్వాత ఉంది. సీమోను వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి "అందరూ నిన్ను వెతుకుతున్నారు" అంటారు. ఆయన ఆ గుమ్మం దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. పక్క ఊళ్ళకు వెళ్దాం పదండి, నేను వచ్చిందే అందుకు అన్నాడు. అంటే ఆ చీకట్లో ప్రార్థించిన మనిషికి ఆ రోజు ఏ పని తనది, ఏది కాదు అన్నది తేలిపోయింది. అందరూ పిలుస్తున్నారు కదా అని వెళ్ళలేదు. మనకు ఎవరు ఏ పని అప్పజెప్పినా "సరే అన్నా, సరే అయ్యగారు" అని తలకెత్తుకోవడం తప్ప కాదనడం రాదు, ఎందుకంటే మనం కూర్చుని అడిగే సమయమే పెట్టుకోలేదు. నా మట్టుకు నాకు ఏకాంత ప్రార్థనలో మొట్టమొదట కనిపించిన ఫలం ఇదే. ఒక కమిటీలో నుంచి నిమ్మళంగా, ఎవరి మీదా కోపం లేకుండా బయటికి రాగలిగాను.

గట్టిగా ప్రార్థించడాన్ని నేను తక్కువ చేయడం లేదు, ఇది స్పష్టంగా చెప్పాలి. మా అమ్మ వాళ్ళది దేవరకొండ వైపు. అటు దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ స్టేషన్లు, ఇటు నల్లగొండలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్ 1890ల్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున పనిచేశారు. ఆ సంఘాల్లో చేరినవాళ్ళు చాలావరకు మాల మాదిగ వాడల మనుషులు. దొర గడీలో వెట్టి చేసి, దొర ముందు తల వంచుకుని నిలబడి, అడిగినదానికి తప్ప నోరు విప్పకూడని మనుషులు. అలాంటివాళ్ళు ఆదివారం గుడిలో నిలబడి, చేతులెత్తి, ఊరంతా వినేలా "తండ్రీ" అని పిలిచారు. వాళ్ళ గొంతు మొదటిసారి బయటికి వచ్చిన చోటు అది. ఆ కేకను ఎవరైనా చదువులేనివాళ్ళ అల్లరి అంటే నాకు కోపం వస్తుంది.

అందుకే మౌనం గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడాలి అనుకుంటాను. నోరు మూసుకో అని ఎవరో చెబితే వచ్చే మౌనం ఒకటి ఉంది. అది మన పెద్దవాళ్ళకు తెలుసు, మన ఆడవాళ్ళకు ఇప్పటికీ తెలుసు. దేవుని దగ్గర నాకు భయం లేదు, నేను మాట్లాడకపోయినా ఆయనకు తెలుసు అనుకుని మనంతట మనం కూర్చునే మౌనం దానికి పూర్తిగా ఎదురు. పాత నిబంధనలో బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా చేసింది అదే. షిలోహు మందిరంలో ఆమె పెదవులు కదిలాయి కానీ గొంతు వినిపించలేదు. యాజకుడైన ఏలీ చూసి తాగి ఉందనుకున్నాడు. గుడిలో ఏళ్ళ తరబడి సేవ చేసిన మనిషికి కూడా నిశ్శబ్దంగా ప్రార్థించే ఆడమనిషి ఏం చేస్తోందో అంతుపట్టలేదు. మన దగ్గర కూడా కళ్ళు మూసుకుని ఊరికే కూర్చున్న సిస్టర్‌ని "ఏమైందమ్మా, ఒంట్లో బాగాలేదా" అని అడుగుతారు.

ఇక ఇంటి సంగతికి వస్తాను, ఎందుకంటే నా ఆలోచనంతా దీని చుట్టూనే ఉంది.

యేసును ఇంటికి చేర్చుకున్న అక్కాచెల్లెళ్ళు మార్త మరియల కథ మీద నేను విన్న ప్రసంగాలకు లెక్క లేదు. అన్నిట్లోనూ మార్తకే దెబ్బలు. నువ్వు వంటింట్లో పడి ఉన్నావు, మరియ చూడు పాదాల దగ్గర కూర్చుంది అని. ఆ ప్రసంగం అయ్యాక ప్రేమ విందు ఉంటుంది, దానికి పొద్దున నాలుగింటి నుంచి బగారా అన్నం వండినవాళ్ళు వెనకాల నిలబడి ఆ ప్రసంగం వింటూ ఉంటారు. యోహాను సువార్త పన్నెండో అధ్యాయంలో మళ్ళీ ఒక విందు ఉంది, బేతనియలోనే. అక్కడ మార్త వడ్డిస్తోంది, వాళ్ళ సోదరుడు లాజరు భోజనానికి కూర్చున్నాడు. ఆ వచనం చదివినప్పుడల్లా నాకు మన ఇళ్ళు గుర్తొస్తాయి. మరియ కూర్చోవాలి, నిజమే, ప్రభువే ఆమెది మంచి ఎంపిక అన్నాడు. మరి మార్త కూడా కూర్చోవాలంటే లాజరు లేచి గిన్నె పట్టుకోవాలి కదా. ఇది నేను ఎగతాళికి అనడం లేదు. భార్యకు రోజుకు పావుగంట కూడా మిగలని ఇంట్లో భర్త సంఘ పెద్దగా మైకు పట్టుకుని ప్రార్థనా జీవితం గురించి చెబుతుంటే ఆ మాటకు బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా ఇంట్లో ఇప్పుడు పొద్దున టిఫిన్ బాక్సులు మా ఆయన చూస్తాడు. నేను స్కూల్‌కి దేవరకొండ రోడ్డు వైపు బస్సులో వెళ్ళాలి, ఆయనది ఊళ్ళోనే పని. ఆయన బాక్సులు కడుతున్నంత సేపు నేను మేడ మీదికి వెళ్తాను, వెళ్ళినప్పుడు పిల్లలు పైకి రాకూడదు, ఏదైనా కనిపించకపోతే నాన్నను అడగాలి. సాయంత్రం పూట నేను పిల్లల హోంవర్క్ చూసేటప్పుడు ఆయన పానగల్లు ఉదయసముద్రం కట్ట మీదికి ఒక్కడే వెళ్ళి వస్తాడు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తాడు. ఇస్సాకు సాయంకాలం పొలానికి ధ్యానం చేయడానికి వెళ్ళాడని ఆదికాండం ఇరవై నాలుగులో ఉంది కదా, మగవాళ్ళకు అది మంచి మాదిరి. ఇలా ఒకరి మౌనానికి ఒకరు కాపలా ఉండాలి. అత్తమామలు ఉన్న ఇంట్లో ఇది ఇంకా కష్టం, కోడలు పొద్దున్నే మేడ ఎక్కి కూర్చుంటే ఏమనుకుంటారో అని. అందుకే ఈ మాట కోడళ్ళ కంటే ముందు అత్తలకు చెప్పాలి, అది కూడా అయ్యగారి, అంటే పాస్టరు గారి, భార్య చెబితే ఇంకా మంచిది, అమ్మగారి మాట ఇళ్ళలో చెల్లుతుంది.

వంట చేస్తూ కూడా ప్రార్థించవచ్చు కదా అంటారు. చేయవచ్చు. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో కర్మెలీయుల మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్ అనే ఆయన, గిన్నెల చప్పుడు మధ్యలో కూడా తనకు దేవుని సన్నిధి అంతే దగ్గరగా ఉంటుందని చెప్పాడు. నాకు ఆయనంటే చాలా ఇష్టం. అయితే ఒక సంగతి మర్చిపోకూడదు, ఆయన ఉన్నది మఠంలో, అక్కడ ప్రార్థన వేళలు విడిగా ఉండేవి, ఆ వేళకు గరిటె పక్కన పెట్టాల్సిందే. వంటింట్లో దేవుడు ఉన్నాడన్న మాటను ఆడవాళ్ళను వంటింట్లోంచి కదలనివ్వకుండా చేయడానికి వాడకూడదు.

ఇంట్లో అసలు జాగానే లేనివాళ్ళ సంగతి వేరే. మా కూడికకు వచ్చే ఒక అక్క పత్తి ఏరే కాలంలో తెల్లారకముందే ట్రాలీ ఆటోలో చేనుకు వెళ్తుంది. ఆమె అన్న మాట నేను రాసి పెట్టుకున్నాను. "ఇంట్ల నాకు జాగ లేదక్కా. చేన్ల అందరు ముందటికి పోతుంటే నేను జర ఎనకబడి ఏరుత. ఎవ్వరు పలకరియ్యరు. గప్పుడు దేవునితోటి ఉంట, ఏం అడగ, ఉత్తగనే ఉంట." ఉత్తగనే ఉంట అన్న మాటలో నాకు అరవై రెండో కీర్తన వినిపించింది, నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది అన్న వచనం. బస్సుల్లో తిరిగేవాళ్ళకు ఈ మధ్య ఆ అవకాశం తగ్గింది. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక, చాలామందికి అది పెద్ద మేలు, కానీ పొద్దున బస్సులో కాలు పెట్టే చోటు ఉండదు. అయినా నిలబడి, రాడ్ పట్టుకుని, కిటికీ అవతల బత్తాయి తోటలు చూస్తూ ఒకే ఒక్క వచనం మనసులో తిప్పుకుంటూ వెళ్ళవచ్చు. రాజుకు ద్రాక్షారసం అందించే నెహెమ్యా రాజు ముందు గిన్నె పట్టుకుని నిలబడి, రాజు అడిగిన ప్రశ్నకూ తను చెప్పే జవాబుకూ మధ్య ఉన్న ఆ కాస్త సేపట్లో ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడు. అంత చిన్న ప్రార్థన కూడా గ్రంథంలో రాయించుకుంది.

కూర్చున్నాక ఏం చేయాలి అని చాలామంది అడుగుతారు. కూర్చున్న వెంటనే చీటీ పైసలు, గ్యాస్ బుకింగ్, పరీక్ష పేపర్లు, పాప ఫీజు, నిన్న ఆడపడుచు అన్న మాట, అన్నీ వరసగా వస్తాయి. రానివ్వండి. ఒక్కోదాన్ని పేరు పెట్టి "ప్రభువా, ఇది" అని ఆయన ముందు పెట్టి మళ్ళీ ఊరుకోవాలి. మనసు పారిపోయినప్పుడు వెనక్కి తెచ్చుకోవడానికి ఒక చిన్న వచనం ఉంచుకుంటే సాయంగా ఉంటుంది. ఐగుప్తు ఎడారుల్లోని సన్యాసుల దగ్గర నేర్చుకుని వచ్చిన జాన్ కాసియన్ ఐదో శతాబ్దం మొదట్లో రాసినదాంట్లో, ఇందుకోసం డెబ్బైయవ కీర్తన మొదటి వచనాన్ని పట్టుకోమన్నాడు. దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము, యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము. భయంలోనూ సంతోషంలోనూ పనిలోనూ నిద్ర పట్టే ముందూ అదే వచనం. చదువు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ ఒక్కలాగే పనికొస్తుంది. నేను ఎక్కువగా దాన్నే వాడతాను, స్కూల్లో స్టాఫ్‌రూంలో టెన్షన్ వచ్చినప్పుడు కూడా.

ఫోన్ గురించి ఒక్క మాట. ఫోన్‌లో బైబిల్ చదవడం తప్పేమీ కాదు, కానీ అదే తెర మీద ఎవరో పెట్టిన గుడ్ మార్నింగ్ పువ్వు కూడా వస్తుంది. రాత్రి దాన్ని హాల్లో చార్జింగ్‌కు పెట్టి, ఒక మామూలు అలారం గడియారం కొనుక్కుంటే సగం సమస్య తీరుతుంది. పొద్దున ఐదింటికి గ్రూపులో వాక్యం పెట్టే అన్నలకు నా విన్నపం, దయచేసి దాన్ని ఏడింటి తర్వాత పెట్టండి.

మహబూబ్‌నగర్‌లో మా చెల్లెలు నర్సు, నైట్ డ్యూటీలు పడతాయి. డ్యూటీ నుంచి వచ్చి మోకాళ్ళ మీద నిద్రపోతున్నానని ఏడ్చింది ఒకసారి. నేను ఆమెకు ఏలీయా ప్రవక్త కథ చదివి వినిపించాను, మొదటి రాజులు పంతొమ్మిది. రాణి యెజెబెలుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆ మాటకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి తినిపించాడు. ఆ తర్వాత నలభై రోజుల నడక, ఆ తర్వాత హోరేబు కొండ, గాలి, భూకంపం, అగ్ని, అవన్నీ అయ్యాక మిక్కిలి నిమ్మళమైన ఆ స్వరం. అంటే స్వరం కంటే ముందు నిద్ర, అన్నం వచ్చాయి. బోరు మోటర్ ఆపకుండా నడిపితే నీళ్ళు రావడం ఆగిపోయి గాలి వస్తుంది, మన జిల్లాల్లో అందరికీ తెలిసిన సంగతే, కాసేపు ఆపితేనే అడుగున ఊట చేరుతుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పిల్ల ముందు పడుకోవాలి. లేచాక చాయ్ తాగి, తలుపు దగ్గరేసుకుని కూర్చుంటే అదే ఆమెకు ప్రాతఃకాల ప్రార్థన, గడియారంలో మధ్యాహ్నం మూడైనా సరే.

అనుకున్న రోజు కుదరకపోతే? మార్కు ఆరో అధ్యాయంలో శిష్యులకు తినడానికి కూడా తీరిక లేనప్పుడు ప్రభువు వాళ్ళను ఏకాంతంగా ఒక చోటికి రమ్మన్నాడు. పడవ దిగేసరికి జనం అక్కడికి ముందే చేరారు. ఆయన విసుక్కోలేదు, వాళ్ళ మీద కనికరపడ్డాడు, బోధించాడు, ఐదు వేల మందికి భోజనం పెట్టాడు. కానీ ఏకాంతాన్ని వదులుకోలేదు. అందర్నీ పంపేసి అదే సాయంత్రం కొండ ఎక్కి ప్రార్థించాడు. పసిపిల్లలు ఉన్న తల్లులకు ఈ అధ్యాయం నేను పదేపదే చెబుతాను. పిల్లవాడు లేచాడు, అంతే, పాలివ్వండి. ఆ పోయిన పావుగంట మళ్ళీ రాత్రికి దొరకవచ్చు, రాత్రికి దొరికేలా చూడటం ఆ పిల్లవాడి తండ్రి పని కూడా.

ఇంకొకటి ఉంది, దీని గురించి మనం తక్కువ మాట్లాడతాం. మౌనంగా కూర్చుంటే దాచిపెట్టినవి పైకి వస్తాయి. మా నాన్న చనిపోయిన ఏడాది నేను సంఘం పనుల్లో తీరిక లేకుండా ఉండేదాన్ని, అందరూ "సిస్టర్ ఎంత ధైర్యంగా ఉంది" అన్నారు. మేడ మీద కూర్చోవడం మొదలుపెట్టాకే ఏడుపు వచ్చింది, చాలా రోజులు వచ్చింది. అలా వచ్చినప్పుడు లేచి వెళ్ళిపోకండి. గోడల మీద, క్యాలెండర్ల మీద మనం రాసుకునే "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న మాట నలభై ఆరో కీర్తనలోది, ఆ కీర్తనంతా భూమి మార్పు చెందడం, పర్వతాలు సముద్రంలో మునగడం, జనాలు ఘోషించడం. అంత గోల మధ్యలో చెప్పిన మాట అది. లోపల ఇంకా గోలగా ఉన్నవాళ్ళకు కూడా అది వర్తిస్తుంది.

సంఘం చేయగలిగిన పనులు కూడా ఉన్నాయి, పైసా ఖర్చు లేనివి. ప్రసంగం అయ్యాక వెంటనే కీబోర్డు మొదలుపెట్టకుండా రెండు నిమిషాలు ఊరుకోవచ్చు. మా సంఘంలో మొదటిసారి అలా చేసినప్పుడు మైకు కరెంటు పోయిందని వెనక వరసలో లేచి చూశారు, ఇప్పుడు పిల్లలు కూడా కళ్ళు మూసుకుంటున్నారు. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడింటిదాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగిస్తారు, ఒకరి వెనక ఒకరు గడియారం చూసుకుంటూ. ఒక్కో మాటకూ మధ్య అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా వదిలితే సిలువ దగ్గర నిలబడటానికి మనకు చోటు దొరుకుతుంది, ప్రసంగాలు కాస్త చిన్నవైనా నష్టం లేదు.

వీటన్నిటికంటే నేను గట్టిగా కోరుకునేది గుడి తలుపులు. కూడికలు లేని వేళ మన గుళ్ళకు తాళమే. ఇంట్లో గది లేని మనిషికి, అద్దె ఇంట్లో ఐదుగురు ఒకే గదిలో ఉండేవాళ్ళకు, హాస్టల్ పిల్లలకు, ఆ ఫ్యాన్లు, ఆ చల్లటి గచ్చు వారంలో చాలా సేపు ఖాళీగా పడి ఉంటున్నాయి. కతోలిక సోదరుల దేవాలయాల్లో మామూలు రోజుల్లో కూడా ఎవరో ఒకరు ఊరికే కూర్చుని కనిపిస్తారు, ఆ అలవాటు మనం నేర్చుకోవాలి. కూడిక పెట్టొద్దు, పాట వద్దు, వాక్యం వద్దు, కానుక పెట్టె తిప్పొద్దు. సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటిదాకా తలుపు తీసి ఉంచితే చాలు. వచ్చేవాళ్ళు వస్తారు, కూర్చుంటారు, వెళ్తారు. మా కమిటీ ముందు ఈ మాట పెట్టాను. సామాన్లు పోతాయి అన్నారు, కరెంటు బిల్లు అన్నారు, ఎవరూ రాకపోతే ఎలా అన్నారు. కీబోర్డు, మైకులు లోపలి గదిలో పెట్టి ఆ గదికి విడిగా తాళం వేద్దామని చెప్పాను. చివరికి బుధ, గురువారాలు రెండు రోజులు తీసి చూద్దామని అయ్యగారు ఒప్పుకున్నారు. బుధవారం తాళంచెవి పత్తి ఏరే ఆ అక్క తీసుకుంటానంది, వాళ్ళ ఇల్లు గుడికి దగ్గర. గురువారం నేను.